సెకండ్ హ్యాండ్ క్లాసిక్ 350: రెండు సైలెన్సర్లూ ఏళ్ల తరబడి వాడాక

సెకండ్ హ్యాండ్ బుల్లెట్ బేరానికి వెళ్తే ఇంజన్ కన్నా ముందు సైలెన్సర్ మాటే వస్తుంది. ఇండోర్ ఉందా, పంజాబీ ఉందా (రెండూ బయట మార్కెట్ రకాలు), కంపెనీదేనా అని. నేను తీసుకున్నది 2018 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. బీఎస్4 (కాలుష్య ప్రమాణం), కార్బురేటర్ బండి. దానికి బయట మార్కెట్ సైలెన్సర్ బిగించి ఉంది. ఒరిజినల్‌ని గోనెసంచిలో చుట్టి విడిగా ఇచ్చారు. రెండూ చేతిలో ఉన్నాయి కాబట్టి రెండిటినీ తీరిగ్గా వాడి చూశాను. ముందు బయటిది, తర్వాత స్టాక్‌ది, అంటే కంపెనీది. బెజవాడ ట్రాఫిక్‌లో, హైదరాబాద్ హైవే మీద, శ్రీశైలం ఘాట్ రోడ్డులో. ఇప్పుడు బండికి ఉన్నది స్టాకే, ఇక మార్చే ఉద్దేశం లేదు.

బయటి సైలెన్సర్‌లో ఉన్న మంచి ముందు చెప్పాలి. బరువు బాగా తక్కువ. రెండూ పక్కపక్కన పెట్టి ఎత్తి చూస్తే ఆ తేడా చేతికే తెలిసిపోతుంది. ఐడ్లింగ్‌లో ఆ లోతైన చప్పుడు నిజంగా బాగుంటుంది. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ వింటూ పెరిగినవాళ్లకి యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే కొత్త తరం ఇంజన్) స్టాక్ సౌండ్ కొంచెం చప్పగా అనిపించడం సహజం. ఆ ఇష్టాన్ని నేను తీసిపారేయను, అది నాకూ ఉంది. పైగా థ్రాటిల్ తిప్పగానే బండి చురుగ్గా కదిలినట్టు ఉంటుంది.

'కదిలినట్టు' అని ఎందుకన్నానంటే, తర్వాత అదే రోడ్డు మీద స్టాక్‌తో నడిపితే ఆ చురుకుదనంలో ఎక్కువ భాగం చెవిదేనని తేలింది. ఆటోనగర్‌లో నా బండి చూసే మెకానిక్‌ని బాబాయ్ అంటాను. ఆయన మొదటిరోజే చెప్పాడు: "సౌండు పెరిగితే పవరు పెరిగిందనుకుంటారబ్బాయ్. నీ బండి లాగేది కింద. ఈ గొట్టం పనిచేసేది పైన." ఎక్కువమంది వదిలేసే విషయం ఇదే.

క్లాసిక్ 350 యూసీఈ ఇంజన్ 346 సీసీ. 19.8 హార్స్‌పవర్ వచ్చేది 5,250 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. 28 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) వచ్చేది 4,000 దగ్గర. మనం రోజూ నడిపేది ఆ రెండిటికీ బాగా కింద. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగతో పాటు ఒక ఒత్తిడి అల బెండ్ పైపులోకి (ఇంజన్ హెడ్ నుంచి సైలెన్సర్ దాకా వెళ్లే గొట్టం) దూకుతుంది. అది పైపు చివర, సైలెన్సర్ లోపలి అరల దగ్గర తిరగబడి వెనక్కి వస్తుంది. సరైన సమయానికి వస్తే సిలిండర్‌లో మిగిలిన కాలిన గ్యాసుని బయటికి లాగడానికి సాయపడుతుంది, వేళ తప్పితే అడ్డు పడుతుంది. పైపు పొడవు, వ్యాసం, సైలెన్సర్ లోపలి ఖాళీ అన్నీ కలిసి ఏ ఆర్‌పీఎం దగ్గర సాయం దొరకాలో తేలుస్తాయి. కంపెనీ ఆ లెక్కని లో ఎండ్‌కి, అంటే తక్కువ ఆర్‌పీఎంకి కట్టింది, ఎందుకంటే ఈ బండి స్వభావమే అది. బయటి ఫ్రీ ఫ్లో సైలెన్సర్ గాలిని ధారాళంగా వదులుతుంది కానీ దాని లాభం కనిపించాల్సింది పై ఆర్‌పీఎంలో, అక్కడికి బుల్లెట్ దాదాపు వెళ్లదు. 'బ్యాక్ ప్రెషర్ ఉంటేనే పవర్' అని కొందరు అంటుంటారు. అది సరిగ్గా నిజం కాదు. ఏ ఇంజన్‌కీ అడ్డు మంచిది కాదు. అల వేళకి తిరిగి రావడమే కావాలి.

ఇది నాకు బాగా తెలిసింది దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడు. వెనక మనిషి, పక్కన బ్యాగులు. బయటి సైలెన్సర్ ఉన్నప్పుడు మలుపు దగ్గర వేగం తగ్గితే మూడో గేరులో బండి ఎత్తుకునేది కాదు, రెండుకి దించాల్సిందే. స్టాక్ పెట్టాక అవే మలుపులు మూడోలోనే గుంజుకుంటూ వెళ్లిపోయింది. టైర్లు, స్ప్రాకెట్లు, బరువు అన్నీ అవే. ఈ ఒక్క తేడాకే నా ఓటు స్టాక్‌కి పడింది. మైలేజీలో తేడా చిన్నదే, స్టాక్‌తో హైవే మీద లీటరుకి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ వస్తోంది. దానికోసం ఎవరూ సైలెన్సర్ మార్చక్కర్లేదు.

ఆ నల్లమల రోడ్డు గురించి మరో మాట. అది పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారు, జంతువుల కోసం. పగలు వెళ్లేటప్పుడు కూడా ఆ అడవిలోంచి పటపటలాడించుకుంటూ పోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. స్టాక్‌తో వెళ్తే పిట్టల అరుపు వినిపిస్తుంది, ముందు మలుపులో వచ్చే బస్సు హారన్ కూడా వినిపిస్తుంది.

హైవే సంగతి వేరు. బయటి సైలెన్సర్‌తో మొదట్లో సంతోషంగానే ఉంటుంది. బెజవాడలో బయల్దేరి నందిగామ దాటేదాకా పాట లాంటి చప్పుడే. 70, 80 స్పీడులో నిలకడగా వెళ్తున్నప్పుడు ఒకే స్థాయిలో ఒక హోరు హెల్మెట్ లోపలికి వచ్చి కూర్చుంటుంది. కోదాడ వచ్చేసరికి తల దిమ్ముగా ఉండేది. సూర్యాపేటలో టీకి ఆగితే ఎదుటి మనిషి మాట దూరం నుంచి వస్తున్నట్టు వినిపించేది. వెనక కూర్చున్నవాళ్లకి ఇంకా కష్టం, సైలెన్సర్ మూతి వాళ్ల కిందే కదా. ఇరవై నిమిషాల టెస్ట్ రైడ్‌లో ఇదేదీ తెలియదు. అందుకే సౌండ్ విని నచ్చిందని కొనేవాళ్లకి నేను చెప్పేది, రెండు గంటలు ఆపకుండా నడిపాక తేల్చుకోమని.

పైగా ఆ సౌండ్ కొన్నప్పుడు ఉన్నట్టే ఉండదు. బయటి సైలెన్సర్లలో చాలావాటికి లోపల చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్‌వుల్ చుట్టి ఉంటాయి. వేడికి ఆ వుల్ కాలి, పొడిపొడిగా రాలి మూతిలోంచి బయటికి పోతుంది. పోయిన కొద్దీ గుంభనంగా ఉన్న చప్పుడు పలుచబడి, రేకు డబ్బా మోతలోకి దిగుతుంది. నా బండిది కూడా అంతే, కొన్నప్పటి గొంతుకీ చివర్లో ఉన్న గొంతుకీ పోలికే లేదు. వుల్ మళ్లీ చుట్టించొచ్చు కానీ అన్నీ విప్పడానికి వీలుగా ఉండవు. కొన్నిటికి మూతి దగ్గర రివెట్లు కొట్టి ఉంటాయి, కొన్నిటికి వెల్డింగే.

ఇక మిశ్రమం సంగతి. కార్బురేటర్ బండికి పొగ దారి వెడల్పు చేసి, పెట్రోల్ అంతే ఉంచితే మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. నా బండి వచ్చినప్పుడు థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ వెనక టప్ టప్‌మని పేలేది. కుర్రాళ్లకి ఆ పేలుడు ఇష్టం. బాబాయ్ మాత్రం వెంటనే స్పార్క్ ప్లగ్ విప్పించాడు. పింగాణీ కొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. అది లేత గోధుమ రంగులో ఉంటే సరిగ్గా కాలుతున్నట్టు, మసిగా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువైనట్టు, ఇలా తెల్లబోతే ఇంజన్ అతిగా వేడెక్కుతున్నట్టు. బెండ్ పైపు మీద క్రోమ్ కూడా హెడ్ దగ్గర పసుపు తిరిగి, నీలంలోకి వెళ్తోంది. మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే రంధ్రం) ఒక సైజు పెంచి, ఐడ్లింగ్ మిశ్రమాన్ని సర్దే పైలట్ స్క్రూ సరిచేశాక ప్లగ్ రంగు వచ్చింది, పేలుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. మిగిలింది హెడ్ దగ్గర గాస్కెట్ (సందు మూసే రింగు) లీక్. అక్కడ బయటి గాలి లోపలికి పీల్చుకుని, కాలకుండా వచ్చిన పెట్రోల్ ఆవిరి పైపులో మండుతుంది. గాస్కెట్ వేశాక అదీ ఆగింది. పాత ఓనరు సైలెన్సర్ మార్చాడు కానీ ఈ రెండు పనులూ చేయించలేదు. సెకండ్ హ్యాండ్ బండిలో భయపడాల్సింది దీనికే. సైలెన్సర్ కనిపిస్తుంది. దాని వెనక ఇంజన్ ఎన్ని వేల కిలోమీటర్లు లీన్‌గా కాలిందో కనిపించదు.

అందుకని బయటి సైలెన్సర్ ఉన్న బండి చూడ్డానికి వెళ్తే ప్లగ్ విప్పి చూపించమనండి. బెండ్ పైపు రంగు చూడండి. బండి స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ మూతి ఒక్క క్షణం మూయండి, చేతికి గ్లవుజు ఉండాలి. లీకు లేకపోతే ఇంజన్ గొంతు నొక్కినట్టు తడబడి ఆగబోతుంది. లీకు ఉంటే హెడ్ దగ్గరో క్లాంపు దగ్గరో ఉస్‌మని వినిపిస్తుంది.

స్టాక్ తిరిగి బిగించడం పెద్ద పని కాదు, కానీ తొందరపడితే నష్టం. బెండ్ పైపు ఫ్లాంజ్‌ని పట్టుకునే స్టడ్‌లు అల్యూమినియం హెడ్‌లో ఉంటాయి. వేడికీ తుప్పుకీ నట్లు పట్టేసి ఉంటే, బలవంతంగా తిప్పితే స్టడ్ విరిగి హెడ్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు డ్రిల్లు, ట్యాపు, పెద్ద ఖర్చు. బాబాయ్ ముందురోజు సాయంత్రమే నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాడు. పొద్దున నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తూ తీశాడు. కొత్త గాస్కెట్ పెట్టి, అన్ని బోల్టులూ వదులుగా ఎక్కించి, సైలెన్సర్‌ని దాని చోట కుదురుకోనిచ్చి, అప్పుడు హెడ్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటే బిగించాడు. ముందే వెనక బోల్టు బిగిస్తే పైపు లాగిపెట్టినట్టు ఉండి, కొన్నాళ్లకి బ్రాకెట్ దగ్గర పగులుతుందట. జెట్ కూడా పాత సైజుకి మార్చాం. పెద్ద జెట్‌తో స్టాక్ నడిపితే మసి కొడుతుంది, మైలేజీ పడిపోతుంది.

గోనెసంచిలోంచి తీసిన స్టాక్ సైలెన్సర్‌ని బిగించే ముందే చూసుకోవాలి. చేత్తో తట్టి, ఊపి వినాలి. లోపల గలగలమంటే అడ్డు రేకులు ఊడి ఉండొచ్చు, లేదా పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తేనెపట్టు ముక్కలై ఉండొచ్చు. ఏ కంపెనీ ఇనుప సైలెన్సర్ అయినా లోపలి నుంచే తుప్పు పడుతుంది. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది, చిన్న చిన్న దూరాలు తిరిగి ఆపేస్తే అది లోపలే నీరై నిలుస్తుంది. అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటే అది నీళ్లు పోవడానికే. చల్లటి పొద్దున అక్కడ చుక్కలు పడితే కంగారుపడి సీలు చేయించకండి. వారానికి ఒకసారైనా ఓ అరగంట ఆపకుండా నడిపితే ఆ నీరు ఆవిరైపోతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నాను కదా. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత వల్ల కార్బన్ మోనాక్సైడ్ తక్కువ హాని చేసే వాయువుగా మారుతుంది. బయటి సైలెన్సర్లలో చాలావాటికి అది ఉండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం మాత్రమే కాదు, ట్రాఫిక్‌లో మన వెనక ఆగే స్కూటీ మీద పిల్ల కూడా ఆ గాలే పీలుస్తుంది. నాకు ఇది చిన్న విషయం కాదు.

చట్టం విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఎ(4) కింద ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండి నడిపితే 190(2) కింద మొదటిసారే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్‌కి అనర్హత. ఈ సెక్షన్ నడిపేవాడి గురించి మాట్లాడుతుంది, కాబట్టి 'పాత ఓనరు పెట్టించాడు సార్' అంటే చెల్లదు. తయారీ దశలో 175 సీసీ దాటిన టూవీలర్లకి శబ్ద పరిమితి 80 డెసిబుల్స్. డెసిబుల్ మామూలు కూడిక కాదు, పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. 'డీబీ కిల్లర్ (చప్పుడు తగ్గించడానికి మూతిలో పెట్టే ముక్క) ఉంది, లీగలే' అని షాపులో చెప్పే మాట మిమ్మల్ని కాపాడదు. విశాఖలో, హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని వరుసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు అందరం చూశాం.

జరిమానా లేకపోయినా నా నిర్ణయం ఇదే. మా సందు ఇరుకు, రెండు వైపులా మేడలు, చప్పుడు గోడ నుంచి గోడకి తగిలి రెట్టింపవుతుంది. ఎదురింట్లో బాలింత ఉన్నప్పుడు రాత్రిళ్లు సందు మొదట్లోనే ఇంజన్ ఆపి బండి తోసుకుంటూ వచ్చేవాణ్ణి. స్టాక్ పెట్టాక సందులో ఉండే పిన్నిగారు, "బండి అమ్మేశావా బాబూ?" అని అడిగింది.

ఇంత చెప్పినా బయటిదే కావాలనుకుంటే నా సలహా ఇది. బెండ్ పైపుతో సహా మారే ఫుల్ సిస్టమ్ జోలికి పోకుండా, బెండ్ పైపు అలాగే ఉంచి వెనక మాత్రమే మారే స్లిప్ ఆన్ తీసుకోండి. డీబీ కిల్లర్ తీసి పక్కన పెట్టకండి. అదే రోజు ప్లగ్ చెక్ చేయించండి. 2020 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లకి ఫ్యూయల్ ఇంజెక్షన్, ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉన్నాయి. వాటికి జెట్ మార్చే పద్ధతి లేదు. సెన్సర్ ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చెప్పినంత మేరకే సర్దుబాటు ఉంటుంది, అది అన్ని స్పీడుల్లోనూ సరిపోదు. 2021లో వచ్చిన 349 సీసీ కొత్త క్లాసిక్‌కి అయితే అసలు మార్చే కారణమే నాకు కనపడదు. దాని స్టాక్ గొంతే నిండుగా ఉంటుంది.

బేరం దగ్గర ఒక పట్టుదల మాత్రం ఉండాలి. ఒరిజినల్ సైలెన్సర్ చేతికి ఇవ్వకపోతే దాని ధర, గాస్కెట్ ధర, బిగింపు కూలీ మూడూ కలిపి రేటులో తగ్గించమనండి. 'ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ ఉంది కదా' అని పైన డబ్బు అడిగితే ఒప్పుకోకండి. స్టాక్ దొరకదేమో అన్న భయం అక్కర్లేదు. కొత్త బండి కొన్న వారంలోనే కుర్రాళ్లు విప్పి అమ్మేసిన, గీత పడని ఒరిజినల్స్ ఆటోనగర్‌లోనూ హైదరాబాద్ పుత్లీబౌలిలోనూ దొరుకుతూనే ఉంటాయి. మీ మోడల్ సంవత్సరానికి సరిపడేదేనా, బీఎస్3దా బీఎస్4దా అని అడిగి, బ్రాకెట్ల చోటు కొలుచుకుని మరీ తీసుకోండి. నా బయటి సైలెన్సర్‌ని ఓ అబ్బాయి అడిగాడు. ఇవ్వలేదు. పాత ఇనుము కొట్టుకి తూకానికి వేసేశాను.