చిలకను ఆనిస్తే నాకు ఫోన్: ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్లతో మూడున్నరేళ్లు

అమ్మ అనకాపల్లిలో ఒక్కర్తే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో, తమ్ముడు పుణెలో. 2022 మొదట్లో అమ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి ఫోన్‌లో పేర్లు ఆనడం మానేశాయి. ఒకరికి చేయబోతే ఇంకొకరికి పోయేది, దాంతో భయం పట్టుకుని తనంతట తాను ఫోన్ చేయడమే మానేసింది. అప్పుడు ఐదు రూపాయల బిళ్లంత ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్లు (ఫోన్‌కి ఆనిస్తే, ముందే పెట్టిన పని ఫోన్‌తో చేయించే చిన్న చిప్ ఉన్నవి) పది తెప్పించి, ఇంట్లో ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మల అడుగున అంటించాను. చిలకను ఫోన్ వెనక ఆనిస్తే నాకు కాల్ వస్తుంది, ఎడ్లబండిని ఆనిస్తే తమ్ముడికి వెళ్తుంది, తిరగలికి విశాఖ రేడియో మోగుతుంది.

ఇందులో నాకు ప్రాణంగా నచ్చింది ఒక్కటే, వెతుక్కోవడం అనేది లేదు. అంకుడు కర్ర మీద లక్క నున్నగా ఉంటుంది కదా, చీకట్లో కూడా అమ్మ బొటనవేలు సరిగ్గా చిలక ముక్కు దగ్గరికి వెళ్తుంది, ముక్కు తగిలిందంటే అది నేను. ఎక్కడా చదవక్కర్లేదు, ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 1992లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డరెల్ బిషప్ ఒక ఆన్సరింగ్ మెషిన్ నమూనా చేశాడు, వచ్చిన ప్రతి సందేశానికీ ఒక గోళీ బయటికి దొర్లుతుంది, దాన్ని గుంటలో పెడితే సందేశం వినపడుతుంది, ఫోన్ మీద పెడితే ఆ మనిషికే కాల్ పోతుంది. దాని గురించి చదివినప్పుడు తమాషాగా ఉందే అనుకున్నాను అంతే, అమ్మ చేతిలో చిలకను చూశాకే అందులో ఎంత దూరపు ఆలోచన ఉందో అర్థమైంది.

2023లో ఆపరేషన్ అయి చూపు బాగా వచ్చింది. ఇక బొమ్మలు బీరువా ఎక్కుతాయనుకున్నాను, ఎక్కలేదు. ఎందుకమ్మా ఇప్పుడు పేర్లు కనిపిస్తున్నాయిగా అంటే, “ఫోన్లో నువ్వు ఎక్కడో లోపలుంటావు, ఇక్కడైతే నా మంచం పక్కనే ఉంటావు” అంది. ఆ మాట తర్వాత వారం రోజులు నాకు వేరే పని మీద మనసు నిలవలేదు.

ఇక అసలు సంగతి. 2024 వర్షాకాలంలో ఒకరోజు ఉన్నట్టుండి అన్ని బొమ్మలూ పనిచేయడం మానేశాయి. పక్కింటి ఫోన్ నుంచి చేసి “ఏట్రా, బొమ్మలకి ఛార్జింగ్ అయిపోయినట్టుంది” అంది అమ్మ. స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదమ్మా అని చెప్పేలోపే చిలకనీ, బండినీ, తిరగలినీ చేటలో పెట్టి వడియాల్లా మేడ మీద ఎండబెట్టేసింది. నేను ఇక్కడి నుంచి ఎన్‌ఎఫ్‌సీ ఆఫ్ అయిందేమో చూడమన్నాను, రీస్టార్ట్ చేయించాను, పక్కింటి అబ్బాయితో ఆటోమేషన్ యాప్ (ఏ స్టిక్కర్ తగిలితే ఏం చేయాలో ఫోన్‌కి చెప్పేది) తీసేయించి మళ్లీ వేయించాను. ఎండకి స్టిక్కర్లు పోయాయనుకుని కొత్తవి కొరియర్ చేస్తే అవీ పలకలేదు. తొమ్మిది రోజులు ఇదే గొడవ. పదో రోజు వీడియో కాల్‌లో అమ్మ ఫోన్ వీపు కెమెరాకి చూపిస్తుంటే మధ్యలో ఏదో తళుక్కుమంది. ఫోన్ జారిపోతోందని ఎవరో ప్రేమగా వేలికి తగిలించుకునే స్టీలు రింగున్న కవర్ వేశారట, రింగు కింద రేకు సరిగ్గా యాంటెన్నా మీదే కూర్చుంది. ఈ స్టిక్కర్‌కి సొంత కరెంటు లేదు, ఫోన్ 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే దాని తీగచుట్ట కరెంటు తీసుకుంటుంది, మధ్యలో లోహపు రేకు అడ్డుపడితే ఆ రేకులోనే ప్రవాహాలు పుట్టి క్షేత్రాన్ని చంపేస్తాయి. కవర్ ఊడదీసి చిలకను ఆనించమన్నాను. నా ఫోన్ మోగింది. అవతల అమ్మ ఎంతసేపు నవ్విందో!

మొదట్లో కనపడిన ప్రతివాళ్లకీ “ఒకసారి అంటిస్తే అంతే, మళ్లీ చూసుకోనక్కర్లేదు” అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పలేను. స్టిక్కర్ అలాగే ఉంటుంది కానీ దాని వెనక ఉన్నది ఉండదు. ఉయ్యాల బొమ్మకి పెట్టిన భక్తి పాటల లింకు ఏడాదిన్నరకే చచ్చిపోయింది, అప్‌లోడ్ చేసినవాళ్లు వీడియో తీసేశారు, అమ్మ మాత్రం ఉయ్యాల పాడైందనుకుని బాధపడింది. అప్పటి నుంచి పాటలన్నీ ఫోన్‌లోనే దించి పెడుతున్నాను. ఫోన్ అప్‌డేట్ అయినప్పుడల్లా యాప్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో ఆపేయొద్దని మళ్లీ సెట్ చేయాల్సి వస్తోంది. స్క్రీన్ వెలిగి, లాక్ తీసి ఉంటేనే ఆండ్రాయిడ్ స్టిక్కర్‌ను చదువుతుంది కాబట్టి అమ్మ ఫోన్‌కి లాకే తీసేశాను, బ్యాంకు యాప్‌లు అందులో ఉంచలేదు. ఇంకో విషయం, ముందు నా నంబర్‌ని స్టిక్కర్‌లోనే రాశాను. సంక్రాంతి బొమ్మల కొలువులో చిలకను పెడితే, పేరంటానికి వచ్చిన ఒకమ్మాయి తన ఫోన్ తగిలించింది, డయలర్‌లో నా నంబర్ తెరుచుకుంది. అందుకని ఇప్పుడు అందులో ఏమీ రాయట్లేదు, స్టిక్కర్ గుర్తింపు సంఖ్యను చూసి ఏం చేయాలో అమ్మ ఫోనే తేల్చుకుంటుంది.

కొనమంటావా అంటే, మీ ఇంటి సంగతి చూసుకోండి. చాలా తక్కువ ధర ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ ఉండదు, ముందు అది చూడండి. ఏదైనా తేడా వస్తే ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసే మనిషి దగ్గర్లో ఉండాలి, మాకు పక్కింటివాళ్లున్నారు కాబట్టి నడిచింది. అమ్మకి లక్కబొమ్మలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, అదీ కలిసొచ్చింది. ఉత్త ప్లాస్టిక్ బిళ్లలైతే ఇన్నేళ్లు పట్టుకునేది కాదేమో.

మొన్న ఎడ్లబండి చక్రం ఊడిపోయింది. దసరాకి వెళ్లినప్పుడు యలమంచిలిలో దిగి ఏటికొప్పాక వెళ్లి కొత్త బండి తేవాలి, పాతదాని స్టిక్కర్ చిరక్కుండా ఊడదీయాలి.