ఆర్‌ఓ షాపు సామాన్లతో అబ్సింత్ ఫౌంటెన్: చాలాకాలం వాడిన తర్వాత

అబ్సింత్ అంటే సోంపు వాసన ఉండే ఘాటైన మద్యం. దాని గ్లాసులోకి మంచు నీళ్ళను చుక్కచుక్కగా వదిలే కొళాయిల జాడీయే అబ్సింత్ ఫౌంటెన్. అందులో ముందు చూడాల్సింది చుక్క. మొదటి నిమిషంలో ఎలా పడిందో పదో నిమిషంలోనూ అలాగే పడాలి. సీసా అందం, కొళాయిల నగిషీ అన్నీ దాని తర్వాతే. అనంతపురం బజార్లో దొరికే సామాన్లతో ఇంట్లో కట్టుకున్న ఫౌంటెన్ ఈ ఒక్క విషయంలో ఇంత బాగా నిలబడుతుందని అనుకోలేదు. ఎండాకాలాలు దాటి వాడుతున్నా ఆ సంతోషం తగ్గలేదు. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే ఖర్చులన్నీ కలిపి పదివేలు సులువుగా దాటుతుంది. ఇది స్టాండుతో సహా రెండువేల లోపే.

చుక్క గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, 30 మి.లీ. అబ్సింత్‌లోకి, గ్లాసు మీద ఆనించిన చిల్లుల చెంచాలోని చక్కెర బిళ్ళను కరిగిస్తూ 90 నుంచి 150 మి.లీ. మంచు నీళ్ళు దిగాలి. సోంపు నూనెలోని అనెథాల్ ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది, నీళ్ళు కలిసేకొద్దీ విడిపోయి పానీయాన్ని పాలలా తెల్లబరుస్తుంది. నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించినా తెల్లబడుతుంది గానీ చక్కెర సగం చెంచా మీదే మిగిలిపోతుంది, గ్లాసు అడుగు నుంచి మబ్బు లేవడం చూసే భాగ్యమూ ఉండదు.

జాడీకి 5 లీటర్ల గాజు జ్యూస్ డిస్పెన్సర్ చాలు, కొళాయి రంధ్రం ముందే ఉంటుంది. మామూలు గాజు జాడీకి డైమండ్ బిట్‌తో, నీళ్ళు పోస్తూ, మెల్లగా రంధ్రం వేయొచ్చు. టఫెండ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచిన గాజు) జోలికి మాత్రం వెళ్ళొద్దు, బిట్ దిగగానే పొడిపొడి అయిపోతుంది. మూత మర తిప్పి బిగించేదే కావాలి, ఊరికే పైన ఆనించే మూత ఈ పనికి రాదు. డిస్పెన్సర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కొళాయి తీసేసి, రెండు వైపులా సిలికాన్ వాషర్లు పెట్టి పావు అంగుళం బల్క్‌హెడ్ కనెక్టర్ (రంధ్రంలోంచి గొట్టాన్ని కారకుండా దాటించే మర బిగింపు) బిగించాలి. డ్రిప్ సామాన్ల షాపులో దొరికే నల్ల రబ్బరు గ్రొమెట్ (రంధ్రంలో ఇమిడే రింగు) చవక, కారదు కూడా. కానీ నీళ్ళకు రబ్బరు వాసన పడుతుంది. సోంపు వాసన కోసం తాగేదానిలో ఆ వాసన భరించలేం.

ఇక చుక్క. మన వైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పరే. ఇక్కడ అది పనిచేయదు. గంటకు 4 లీటర్లు అని రాసి ఉండేది 1 కేజీ ఒత్తిడి దగ్గర, అంటే 10 మీటర్ల ఎత్తు నీళ్ళు ఉంటే. జాడీలో ఉండేది జానెడు నీళ్ళు. తర్వాత చాలామంది చెప్పేది మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్. 20 చుక్కలకు 1 మి.లీ. వచ్చే సెట్టు తీసుకోవాలి, 60 చుక్కల పిల్లల సెట్టు మరీ సన్నం. దాని చక్రం కొత్తలో చక్కగా మాట వింటుంది, అంత తక్కువ ధరకు అంత సున్నితమైన నియంత్రణ ఇంకెక్కడా దొరకదు. ఈ మాట ఇప్పటికీ నిజమే, మొదటి గ్లాసు వరకు. చక్రం కింద నలిగిన పీవీసీ గొట్టం ఉన్నచోట ఉండదు, మెల్లగా ఒదిగిపోతూ ఆకారం మారుతుంది. పైగా చల్లనీళ్ళకు గొట్టం గట్టిపడుతుంది. సెకనుకు రెండు చుక్కలకు పెట్టి పక్కకు తిరిగితే కాసేపటికి ఒకటవుతుంది, లేదా ధారవుతుంది. గ్లాసు ముందు కూర్చున్నవాళ్ళు మాటలు ఆపి చక్రం తిప్పుకుంటూ ఉండాలి. వాడగా వాడగా అదే చోట నలిగి గొట్టం చదునైపోతుంది.

దీనికి మందు ఆర్‌ఓ షాపులో ఉంది. నీళ్ళలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి మన ఊళ్ళలో ఆ షాపు కోసం వెతకాల్సిన పని లేదు. టీడీఎస్ అడ్జస్టర్ అని అడగండి. ఫిల్టరైన నీళ్ళలో కొంచెం మామూలు నీళ్ళు కలపడానికి మెషీన్‌లో పెట్టే చిన్న మర అది, లోపల ఉండేది నీడిల్ వాల్వే, అంటే సన్నటి సూది ముందుకూ వెనక్కూ జరిగి దారిని తగ్గించే, పెంచే వాల్వ్. రెండు వైపులా పావు అంగుళం తెల్ల గొట్టం గుచ్చితే సరి. పెట్టిన చోట నిలుస్తుంది. దాని కింద 10 సెం.మీ. గొట్టం వదిలి చివర బ్లేడుతో సమంగా కోయాలి, వాలుగా కోస్తే చుక్క గొట్టం అంచున పాకి చక్కెర పక్కన పడుతుంది. ఈ గొట్టం చుక్క సెలైన్ చుక్క కంటే పెద్దది. సెకనుకు రెండు మూడు పడితే 100 మి.లీ. ఏడెనిమిది నిమిషాల్లో దిగుతుంది. ఉన్నట్టుండి చుక్క ఆగిపోతే వాల్వ్ ముందు గాలి బుడగ చిక్కినట్టు. ఒకసారి పూర్తిగా తెరిచి ధార వదిలి మళ్ళీ బిగిస్తే పోతుంది.

వాల్వ్ ఎంత మంచిదైనా జాడీలో నీళ్ళు తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి చుక్క నెమ్మదిస్తుంది. నిండు జాడీకి పెట్టిన చుక్క అడుగుకు వచ్చేసరికి సగం కూడా ఉండదు. నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది దీనికి దొరికిన విరుగుడు. మూతకు ఇంకో బల్క్‌హెడ్ కనెక్టర్ వేసి, అందులోంచి నిటారుగా ఒక గొట్టాన్ని లోపలికి దించాలి. దాని అడుగు కింది రంధ్రానికి మూడు నాలుగు సెం.మీ. పైన ఆగాలి. మూత గాలి చొరకుండా బిగించాలి. ఇక గాలి లోపలికి రావాలంటే ఆ గొట్టం గుండానే రావాలి. అందుకని గొట్టం అడుగున ఎప్పుడూ బయటి గాలి ఒత్తిడే ఉంటుంది, పైన ఎన్ని నీళ్ళున్నా చుక్కకు లెక్కలేదు. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎడ్మె మారియోత్ పేరుతో పిలిచే సీసా ఇదే. గొట్టం అడుగు నుంచి బుడగ ఒక్కొక్కటే గుబుక్కుమని పైకి పోతూ ఉంటుంది, కింద చుక్కలు వరస తప్పకుండా పడుతుంటాయి. నీళ్ళు గొట్టం అడుగును తాకే దాకా ఇంతే. రెండు కొళాయిలు పెట్టినా, దేనికి దానికి వేరే రంధ్రం ఉంటే ఒకటి తెరిచినప్పుడు రెండోది తడబడదు.

ఇది పనిచేస్తోందో లేదో గొట్టమే చెబుతుంది. కింద చుక్కలు పడుతున్నా బుడగలు రాకుండా, గొట్టంలో నీళ్ళు బయటి మట్టంతో సమానంగా నిలబడి ఉంటే మూత దగ్గర గాలి చొరబడుతున్నట్టే. వాషర్ మార్చాలి. మూత బిగించిన వెంటనే చుక్కలు కాస్త జోరుగా పడతాయి, గొట్టంలోని నీళ్ళు దిగిపోగానే సర్దుకుంటాయి.

అయితే మే నెల మధ్యాహ్నం ఈ నిలకడకూ హద్దు ఉంది. మంచు మొత్తం కరిగిపోయి, జాడీ సగం ఖాళీ అయ్యాక లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. నీళ్ళు గొట్టంలోకి ఎగబాకి చుక్క జోరందుకుంటుంది. జాడీ నిండుగా ఉంచితే, పెద్ద మంచుగడ్డలు వేస్తే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. మంచు పొడి కాకుండా గడ్డలే వేయాలి, చిన్న ముక్కలు గొట్టానికి అడ్డం పడతాయి. ఇంకో సంగతి: మంచు వేశాకే వాల్వ్ సరిచేయాలి. చల్లనీళ్ళు చిక్కగా ఉంటాయి. గదిలో ఉన్న మామూలు నీళ్ళతో పెట్టిన చుక్క మంచు నీళ్ళకు దాదాపు సగమవుతుంది.

బోరు నీళ్ళు మాత్రం పోయొద్దు. వాల్వ్ సూది చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి, తిప్పినా దారి దొరకదు. క్యాన్ నీళ్ళే వాడినా అప్పుడప్పుడు లీటరు నీళ్ళకు ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి అరగంట పారించి కడగాలి. స్టాండు కింద బరువుకు కడప బండ ముక్క వేసుకున్నవాళ్ళు ఆ పనికి ముందు బండ తీసేయండి. అది సున్నపురాయి, నిమ్మ ఉప్పు చుక్క పడిన ప్రతిచోటా మచ్చ మిగులుతుంది. జాడీలో చక్కెర, నన్నారి సిరప్ లాంటివి పోయకూడదు. తాగనివాళ్ళకు గ్లాసులో నన్నారి, నిమ్మరసం వేసి ఇదే కొళాయి కింద పెడితే సరిపోతుంది.

కట్టుకోవాలా అంటే, ఇంట్లో అబ్సింత్ సీసా ఎప్పుడూ ఉండి, ఇద్దరు ముగ్గురు కూర్చుని నిదానంగా తాగేవాళ్ళైతే తప్పకుండా. సీసా ఎప్పుడో బంధువులు తెస్తేనే వచ్చేదైతే సన్నమూతి చెంబు, ఓపికైన చెయ్యి చాలు. రెండు కొళాయిలకు మించి నేను సలహా ఇవ్వను. ఆరు కొళాయిలు ఫ్రెంచ్ కెఫేలకు సరే, మన ఇంట్లో 5 లీటర్ల జాడీకి ప్రతి రంధ్రం కారడానికి ఇంకో చోటు. అడ్జస్టర్ మాత్రం ఒకటి అదనంగా కొని పెట్టుకోండి, దాని ప్లాస్టిక్ మర గట్టిగా తిప్పితే అరిగిపోతుంది.