గుండుగొలను–రాజమండ్రి హైవే: టోల్ రెండు లైన్లకు, ప్రయాణం ఒకే లైనులో

ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర చీలి తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరే నాలుగు వరుసల రోడ్డు గురించి ఈ సమీక్ష. ఒకప్పుడు దీని నంబరు 5, తర్వాత 16, ఇప్పుడు 216ఏ. దేవరపల్లి, కొవ్వూరు మీదుగా కొత్త రోడ్డు పడ్డాక 16 నంబరు అటు వెళ్లింది. నంబరు మారినా ఈ దారికి లారీలు తప్పవు. భీమవరం, ఆకివీడు వైపు చేపలు, రొయ్యలు, రావులపాలెం అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరి, మిల్లుల బియ్యం, కడియం మొక్కలు, గోదావరి ర్యాంపుల ఇసుక, అన్నీ డెల్టాలోనే పుట్టే సరుకు. అందులో చాలాభాగం ఈ రోడ్డే ఎక్కుతుంది.

మార్కులు వేయమంటే ఐదుకు రెండున్నర. రోడ్డు వెడల్పుకీ, మధ్యలో డివైడర్ ఉన్నందుకూ, రెండు గోదావరి పాయల మీద పోనూ రానూ వేర్వేరు వంతెనలు ఉన్నందుకూ ఆ రెండున్నర. మిగతా సగం లైన్ల వాడకం దగ్గర పోయింది. ఒక్కో వైపు రెండు లైన్లకు టోల్ కడుతున్నాం. కారుకు చాలాచోట్ల దక్కేది ఒకటే, అదీ లారీ వెనకాల.

కొలతలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. లైను వెడల్పు మూడున్నర మీటర్లు, రెండూ కలిపి ఏడు. చట్టం ఒప్పుకునే లారీ వెడల్పు గరిష్ఠంగా 2.6 మీటర్లు. రెండు లారీలు పక్కపక్కన నడిస్తే 5.2 మీటర్లు వాటికే పోతాయి. మిగిలిన 1.8 మీటర్లు కూడా ఒకచోట ఉండవు, అటు కొంత, ఇటు కొంత, మధ్యన కొంతగా చీలిపోతాయి. అంటే ఒక లారీ ఇంకో లారీని దాటుతున్నంతసేపూ ఆ వైపు రోడ్డు మూసేసినట్టే.

ఎంతసేపు మూస్తుందో లెక్క వేయండి. ముందు లారీ గంటకు 55 కిలోమీటర్ల మీద పోతోంది, వెనకది 60 మీద. రెండూ 12 మీటర్ల పొడవు. వెనక 20 మీటర్లు ఉండగా లైను మారి, దాటాక ముందు 20 మీటర్లు వదిలి ఎడమకు రావాలంటే మొత్తం 64 మీటర్లు ఎక్కువ నడవాలి. తేడా 5 కిలోమీటర్లే కాబట్టి 46 సెకన్లు పడుతుంది. ఈలోగా లారీ ముప్పావు కిలోమీటరు పైనే పోతుంది. అది లైను మారినప్పుడు 380 మీటర్ల వెనక 90 మీద వస్తున్న కారు, అది తప్పుకునే సరికి దాని తోకకు అంటుకుంటుంది. అదే దాటించుకునే లారీ తన వేగం 50కి దించితే ఇదంతా 23 సెకన్లలో తేలిపోతుంది, దూరం కూడా సగమవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తీస్తే చాలు. పాతకాపు డ్రైవర్లు చేసేది అదే: కాలు తీస్తారు, దాటిన బండి తోక తమ ముందు స్పష్టంగా కనబడగానే ఒకసారి డిప్పర్ కొట్టి ‘రా’ అంటారు. ఈ మర్యాద పాటించే లారీలు ఇంకా ఉన్నాయి. పోటీకి దిగే లారీలే ట్రాఫిక్‌ను పేరుస్తాయి.

2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారు గరిష్ఠ వేగం 100, సరుకు బండికి 80. స్థానికంగా బోర్డు పెట్టిన చోట ఆ బోర్డే లెక్క. 2015 అక్టోబరు తర్వాత తయారైన లారీలకు 80 దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ ఉండాలి. దీనివల్ల ఖాళీ లారీల మధ్య తేడా ఇంకా తగ్గుతుంది. 80 మీద పోయేది 76 మీద పోయేదాన్ని దాటబోతే దాదాపు నిమిషం, కిలోమీటరు పైన.

దాటడం వేరు, దాటాక కూడా కుడి లైనులోనే ఉండిపోవడం వేరు. ఈ రోడ్డు మీద అసలు జబ్బు రెండోది. దీనికి లారీ డ్రైవర్‌ను తిట్టి ఊరుకుంటే అన్యాయం. అతని సీట్లోంచి ఎడమ లైను చూడండి: రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, ఊరి రోడ్డు నుంచి ఆగకుండా ఎక్కే ఆటో, వెనక లైటు లేని ట్రాక్టర్ తొట్టి, స్టాపు దగ్గర సగం లైనులో నిలబడ్డ బస్సు, టీ బడ్డీ ముందు ఆపిన ఇంకో లారీ. పాతిక టన్నుల బండిని ప్రతిచోటా ఆపి మళ్లీ కింది గేరు నుంచి లాగాలంటే డీజిలూ పోతుంది, క్లచ్ ప్లేట్లూ పోతాయి. డివైడర్ పక్కన అవేవీ ఉండవు కాబట్టి అక్కడే స్థిరపడతాడు. పైగా బరువు బళ్లు ఎక్కువగా తొక్కిన ఎడమ లైనులో చక్రాల గాడి పడుతుంది, వానాకాలం అందులో నీళ్లు నిలుస్తాయి. ఊళ్ల దగ్గర సర్వీసు రోడ్డు తెగకుండా ఉండి, లారీలు ఆపుకోవడానికి విడిగా చోటు ఉంటే సగం లారీలు వాటంతటవే ఎడమకు వస్తాయి. టోల్ వసూలు చేసేవాళ్లు ముందు చూడాల్సిన పని అది. ‘లారీలు ఎడమ వైపు’ అని బోర్డు పెడితే చాలదు.

వంతెనల దగ్గర జాగ్రత్త మరింత కావాలి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం–జొన్నాడ మధ్య గౌతమి. వంతెన మీదికి ఎక్కే మట్టి కట్ట దారి, అంటే అప్రోచ్, ఎత్తుగా ఉంటుంది, లోడు లారీ అక్కడ గేరు దించుతుంది, 50 మీద వస్తున్నది 35కి పడిపోతుంది. దాటుతున్న లారీ కూడా అదే ఎత్తులో నీరసిస్తే రెండూ జంటగా వంతెనంతా నడుస్తాయి. డెల్టా మెత్తటి నేల కదా, మట్టి కట్ట దిగుతుంది, వంతెన దిగదు. ఆ అతుకు దగ్గర కుదుపుకి తాడు వదులైన లోడు ఒక పక్కకు ఒరుగుతుంది. గెలల లారీ, గడ్డి లారీ పక్కన ఉన్నప్పుడు ఆ అతుకు దాటే దాకా వెనకే ఉండండి. వంతెన మీద పక్కకు తప్పుకునే మార్జిన్ కూడా ఉండదు, ఓవర్‌టేక్ ఏదైనా అప్రోచ్‌కి ముందే ముగించాలి.

కుడి లైను పట్టుకున్న లారీని ఎడమ నుంచి కట్ కొట్టడం ఇక్కడ అలవాటైపోయింది. అది ఎందుకు ప్రాణాంతకమంటే, కేబిన్ ఎడమ తలుపు పక్కన, బంపరుకు కాస్త ముందు వరకూ డ్రైవర్‌కు కనబడని చోటు ఉంది. క్లీనర్ లేని బండి అయితే ఆ వైపు చూసేవాడే లేడు. అతను సైడు ఇద్దామని ఎడమకు తిప్పేదీ అదే క్షణంలో. కాబట్టి వెనక 50, 60 మీటర్ల దూరం ఉంచి, అతని కుడి అద్దం మీకు కనబడేలా నడపండి. డిప్పర్ రెండుసార్లు, ఒక చిన్న హారన్, అంతే. పది సెకన్లు ఆగండి. ఎడమ ఇండికేటర్ వేశాడంటే తప్పుకుంటున్నాడని అర్థం, బండి పూర్తిగా ఎడమ లైనులోకి వెళ్లాకే కదలాలి. 60 మీద ఉన్న లారీని 85 మీద దాటడానికి పదకొండు సెకన్లు, 260 మీటర్లు కావాలి. ఆ దూరంలో యూటర్న్ గ్యాపు బోర్డు కనబడితే విరమించుకోండి. లారీ పక్కన సమానంగా నడవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

కాలాన్ని బట్టి రోడ్డు మారుతుంది. సార్వా కోతలప్పుడు, అంటే నవంబరు, డిసెంబరులో, మళ్లీ దాళ్వాకు ఏప్రిల్‌లో, మార్జిన్ మీద ధాన్యం ఆరబోస్తారు, కోత మిషన్లు ఊరి నుంచి ఊరికి ఎడమ లైనులో నడుస్తాయి. ఆ రోజుల్లో లారీలు కుడికి రావడం తప్పదు, మనమే వేగం తగ్గించాలి. చలికాలం తెల్లవారుజామున గోదావరి దగ్గర మంచు పట్టేస్తుంది. చేపల లారీ వెనక ఇంకో సమస్య: కరిగిన ఐసు నీళ్లు పెట్టెల్లోంచి కారి లైను పొడవునా తడి గీత పడుతుంది. అందులో చేప జిగురు ఉంటుంది, బైకు టైరు దాని మీద బ్రేకు పట్టదు. రాత్రి హెడ్‌లైటు వెలుగులో నల్లగా మెరిసే గీత కనబడితే బైకు వాళ్లు దాని మీద నుంచి పక్కకు జరగండి. టైరు పేలి ఆగిన లారీ చుట్టూ పెట్టే రాళ్లు ఇంకో తంటా. బండి వెళ్లిపోతుంది, రాళ్లు లైనులోనే ఉంటాయి.

ఉంగుటూరు, ఈతకోట టోల్ ప్లాజాల దగ్గర చిట్కా ఒకటి. బూత్ దాటాక అరకిలోమీటరు వరకు లారీలు అన్ని బూత్‌ల నుంచి ఒకేసారి బయటికొచ్చి రెండు లైన్లలోకి కుదురుకుంటాయి. అక్కడ తొందరపడి వాటి మధ్య దూరొద్దు. క్యూ పొడవు కాదు, క్యూలో లోడు లారీలు ఎన్ని ఉన్నాయో చూసి బూత్ ఎంచుకోండి. సొంత కారుతో తరచూ తిరిగేవాళ్లకు 2025 ఆగస్టులో 3,000 రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ లాభమే. ఏడాదిలోపు 200 ట్రిప్పులు.

విజయవాడ నుంచి విశాఖకు ఏకబిగిన పోయేవాళ్లకు నా సలహా గుండుగొలను దగ్గర ఎడమకు తిరిగి దేవరపల్లి, కొవ్వూరు దారి పట్టడమే. అటు ఊళ్లు తక్కువ, ఎడమ లైను ఎడమ లైనులా పనిచేస్తుంది, గోదావరి నాలుగో వంతెన దాటితే రాజమండ్రి ఊళ్లోకి పోకుండా దివాన్‌చెరువు దగ్గర తేలుతారు. తణుకు, రావులపాలెం, కోనసీమ పని ఉన్నవాళ్లకు మాత్రం పాత రోడ్డే గతి. రొయ్యలు, చేపలు ఎక్కువగా సాయంత్రం లోడై రాత్రికి బయల్దేరతాయి, కాబట్టి సాయంత్రం, రాత్రి వద్దు, మంచు లేని రోజుల్లో వీలైతే ఉదయం ఎనిమిదికి ముందే ప్రయాణం ముగించుకోండి.

లైనులో రాళ్లు, లైట్లు లేకుండా ఆగిన లారీ, తెగిన డివైడర్ కనబడితే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరి వైపు వెళ్తున్నారు, కుడి లైనా ఎడమ లైనా, ఈ మూడూ చెప్పండి. ‘తణుకు దగ్గర’ అంటే పెట్రోలింగ్ బండి ఏ వైపు రావాలో తెలియక పైన యూటర్న్ దాకా పోయి తిరిగి రావాల్సి వస్తుంది.