యూరప్ డ్రోన్ ‘కమర్షియల్ లైసెన్స్’: 22,000 కట్టిన కర్నూలు ఫోటోగ్రాఫర్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. యూరప్‌లో కమర్షియల్ డ్రోన్ లైసెన్స్ అనేదే లేదు. లేనిదాన్ని నేను 22,000 రూపాయలు పోసి కొన్నాను.

నాకు కర్నూలు సి.క్యాంపు దగ్గర చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అప్పుడప్పుడు పార్టీల ర్యాలీలు. జర్మనీలో సోలార్ ప్యానెళ్ల కంపెనీలో పనిచేసే మా బావమరిది ఫ్రాంక్‌ఫర్ట్‌కు గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊళ్లో ఇల్లు కొని, నవంబరులో గృహప్రవేశం పెట్టుకున్నాడు. “బావా, వీడియో నువ్వే తీయాల. గడప ముందర గుమ్మడికాయ కొట్టేది పైనుంచి రావాల” అన్నాడు. సరే, చట్టప్రకారమే పోదామని లైసెన్స్ కోసం వెతికాను. తప్పు అక్కడ జరగలేదు, వెతికిన చోట జరిగింది.

ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అని ప్రకటన వచ్చినప్పటి నుంచి మా వైపు డ్రోన్ కోర్సుల ఫ్లెక్సీలు ఎక్కువయ్యాయి. అలాంటి ఒక ఫ్లెక్సీలో ‘యూరప్ కమర్షియల్ డ్రోన్ పైలట్’ అని చూసి ఫోన్ చేశాను. కన్సల్టెన్సీ పేరు రాయను. డబ్బు కట్టిన మరుసటి రోజు ఒక పీడీఎఫ్ పంపారు, ఆదివారం రెండు గంటలు జూమ్‌లో క్లాసు చెప్పారు, పది రోజులకు కొరియర్‌లో సర్టిఫికెట్ వచ్చింది. మందపాటి కాగితం, బంగారు రంగు సీలు, చుట్టూ యూరప్ జెండాలో లాగా పన్నెండు చుక్కలు. ‘కమర్షియల్’ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ఎమ్ తక్కువ. అయినా నాకు అనుమానం రాలేదు. లామినేషన్ కూడా చేయించాను.

వీడియో కాల్‌లో బావమరిదికి గర్వంగా చూపించాను. వాడు ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

“దీని మీద ఏ దేశం పేరూ లేదే బావా?”

“యూరప్ మొత్తానికి అంట.”

“దుడ్లు ఎంత కట్టినావు?”

చెప్పాను. కాసేపు వాడు మాట్లాడలేదు. వెనక మా చెల్లెలు నవ్వడం మాత్రం వినిపించింది.

వాడు ఆ రోజు చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి రాస్తున్నాను. అక్కడి డ్రోన్ నియమాలు 2020 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉన్నాయి. యూరప్ విమానయాన భద్రతా సంస్థ పర్యవేక్షణలో అన్ని సభ్య దేశాలకూ ఒకే రూలు, కానీ సర్టిఫికెట్ ఇచ్చేది మాత్రం ఆయా దేశాల విమానయాన శాఖలే. ఒక దేశంలో తీసుకుంటే మిగతా సభ్య దేశాల్లోనూ చెల్లుతుంది. అంటే నిజమైన కాగితం మీద ఏదో ఒక దేశం పేరు ఉండి తీరాలి. నా బంగారు సీలు కథ అక్కడే అయిపోయింది.

అసలు విషయం ఇంకోటి ఉంది. మన దగ్గర 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాముల నుంచి 2 కిలోల వరకు మైక్రో అంటారు. దాన్ని సరదాకు ఎగరేస్తే అక్కర్లేదు, డబ్బు కోసమైతే కావాలి. నాలాంటి పెళ్లిళ్ల వాళ్లంతా ఐదారు రోజుల ట్రైనింగుకు పోయింది అందుకే. ‘డబ్బు తీసుకుంటున్నావా?’ అన్న ప్రశ్న మన బుర్రలో అలా కూర్చుంది కాబట్టే ‘కమర్షియల్’ అన్న మాటకు పడిపోయాం. అక్కడి డ్రోన్ రూలు డబ్బు సంగతి అడగదు. నీ డ్రోన్ ఎంత బరువు, పడితే ఎవరి నెత్తిన పడుతుంది, ఇంతే. (వీసా, ట్యాక్సు అడుగుతాయి, అది వేరే లెక్క. నేను చుట్టంగా పోయాను, పైసా తీసుకోలేదు.) మన విమానయాన శాఖ డీజీసీఏ ఇచ్చే సర్టిఫికెట్ అక్కడ చెల్లదు.

మామూలు పనులన్నీ ‘ఓపెన్’ అనే కేటగిరీలోకి వస్తాయి. ఎత్తు 120 మీటర్లు దాటకూడదు, డ్రోన్ కంటికి కనిపిస్తూనే ఉండాలి, గుంపు మీద ఎగరేయకూడదు. అంతకు మించి రిస్కు ఉంటే ‘స్పెసిఫిక్’, ఆపైన ‘సర్టిఫైడ్’. ఓపెన్‌లో మళ్లీ మనుషులకు ఎంత దగ్గరగా ఎగరేస్తామన్న దాన్ని బట్టి ఏ1, ఏ2, ఏ3 అని మూడు. బావమరిది అక్కడే కొన్న బుజ్జి డ్రోన్ 250 గ్రాముల లోపుది, మీద సీ0 అని తరగతి గుర్తు ఉంది. దానికి పరీక్షే అక్కర్లేదు, మాన్యువల్ చదివితే చాలు. కెమెరా ఉంది కాబట్టి ఎగరేయించే వ్యక్తి, అంటే ఆపరేటర్, రిజిస్టర్ చేసుకోవాలి. ఆపరేటర్ బావమరిది, పైలట్ నేను. లేని లైసెన్స్ సరే, నాకు అవసరమే లేని లైసెన్స్ కూడా అది!

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. ఆపరేటర్ నంబరు డ్రోన్ మీద అంటించాలని విని, బావమరిది వాట్సాప్‌లో పంపిన నంబరును మా ఊళ్లో స్టిక్కర్లు కట్ చేసే కుర్రాడితో యాభై కొట్టించుకుని పోయాను. బావమరిది చూసి తల పట్టుకున్నాడు. ఆ నంబరు చివర మూడు అక్షరాలు రహస్యం, ఏటీఎం పిన్ లాగా. వాటిని బయట రాయకూడదు. యాభై స్టిక్కర్ల చివరలూ ఇద్దరం కూర్చుని కత్తెరతో కత్తిరించాం.

అక్కర్లేకపోయినా పరీక్ష రాశాను. ఏ1, ఏ3 రెంటికీ కలిపి ఒకే ఆన్‌లైన్ పరీక్ష, జర్మనీ విమానయాన శాఖ సైట్‌లో ఇంగ్లీషులోనూ రాయొచ్చు. 40 ప్రశ్నలు, 75 శాతం రావాలి, అంటే 30. మొదటిసారి 28 వచ్చాయి. ఎగరేయడం గురించి అడిగినవన్నీ రాశాను. ప్రైవసీ, ఇన్సూరెన్స్, అలసట దగ్గర తన్నింది. రాత్రంతా నిద్రలేకపోతే పైలట్ నిర్ణయాలు ఎలా ఉంటాయని ఒక ప్రశ్న. రాత్రి ఊరేగింపు తీసి, తెల్లవారుజామున నాలుగు గంటల ముహూర్తానికి డ్రోన్ లేపే మనిషిని నేను. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి 35. సర్టిఫికెట్ ఐదేళ్లు పనిచేస్తుంది. ఫీజు దేశాన్ని బట్టి మారుతుంది, ఎక్కడైనా నా 22,000 దరిదాపుల్లోకి కూడా రాదు. సైట్ మాత్రం మన ప్రభుత్వ సైట్లకు అన్నయ్యే. ఒక్కో పేజీ తెరుచుకునే లోపు టీ తాగి రావచ్చు. ఈ పరీక్షకు నేనిచ్చేది ఐదుకు నాలుగు మార్కులు.

ఏ2 కొంచెం గట్టిది. సీ2 గుర్తు ఉన్న, నాలుగు కిలోల లోపు డ్రోన్‌ను మనుషులకు 30 మీటర్ల దూరం దాకా తీసుకుపోవచ్చు, స్లో మోడ్‌లో పెడితే 5 మీటర్ల దాకా. ఇళ్ల కప్పుల మీద ప్యానెళ్లు చూడటానికి బావమరిదికి అదే కావాలి. ఇద్దరం కలిసి చదివాం. అందుకు ముందుగా జనం లేని చోట మన అంతట మనమే ప్రాక్టీస్ చేసి, చేశామని సంతకం పెట్టాలి. తర్వాత వాతావరణం, డ్రోన్ పనితీరు, కింద ఉన్నవాళ్లకు ప్రమాదం తగ్గించడం మీద 30 ప్రశ్నలు. అధికారిక గుర్తింపు ఉన్న ఒక ట్రైనింగ్ సంస్థలో వెబ్‌క్యామ్ ముందు రాశాం. గది నాలుగు వైపులా తిప్పి చూపించమంటే చూపించాను. బల్ల కింద చూపించమంటే అక్కడ నా మేనల్లుడు కూర్చుని చెక్కిలాలు తింటున్నాడు. వాణ్ని బయటికి పంపాక మొదలైంది. పాఠాల వీడియోలు మాత్రం పరమ నీరసం. చెప్పేవాడి గొంతు వింటే అలసట గురించిన పాఠం వేరే అక్కర్లేదు. మూడున్నర.

ఆ నీరసంలోనే నాకు పనికొచ్చింది దొరికింది. కర్నూలులో మే నెలలో బ్యాటరీ వేడెక్కి మొరాయించడం మనకు తెలుసు, తడిగుడ్డ పక్కన పెట్టుకుని తిరుగుతాం. చలికి కూడా మొరాయిస్తుందని అక్కడ చదివాను, మరుసటి రోజే చూశాను. పొద్దున పొలాల్లో ప్రాక్టీస్ చేస్తుంటే, 60 శాతం చూపిస్తున్న బ్యాటరీ పైకి లేపగానే గబగబా 40కి పడింది. దించేసి, మిగతా బ్యాటరీలను జర్కిన్ లోపలి జేబులో, బనియన్ పక్కన దాచుకున్నాం. కోడి గుడ్లు పొదిగినట్టు అరగంట.

గృహప్రవేశం రోజు సంగతి. ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే డిపుల్ అనే ప్రభుత్వ మ్యాప్ ఉంది, అందులో ఊరు క్లియర్. జర్మనీలో ఎంత చిన్న డ్రోన్‌కైనా ఇన్సూరెన్స్ తప్పనిసరి, బావమరిది ముందే తీసుకున్నాడు. మిగిలింది పక్కిల్లు. వాళ్ల పెరటి మీదుగా పోవాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. బావమరిది కజ్జికాయల డబ్బా పట్టుకుని పక్కింటి పెద్దాయన దగ్గరికి పోయాడు. ఆయన డబ్బా తీసుకుని, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు అని అడిగి, క్యాలెండర్ మీద రాసుకున్నాడు.

ఇంక గుంపు. అది నన్ను ఇప్పటికీ వదలట్లేదు. గుంపు అంటే ఇంతమంది అని వాళ్ల రూల్లో అంకె లేదు. డ్రోన్ పడుతుంటే పక్కకు తప్పుకునే జాగా ఆ మనుషులకు ఉందా లేదా, అదే కొలత. పెళ్లికి వచ్చాడు కదా అని అతిథి వాళ్ల రూలు లెక్కలో డ్రోన్ పనితో ‘సంబంధం ఉన్నవాడు’ అయిపోడు. డ్రోన్ ఎగురుతుందని చెప్పి, ఏమైతే ఏం చేయాలో వివరించి, అతను సరే అనాలి. తలంబ్రాల వేళ మంటపం ముందు ఇరుక్కుని నిలబడ్డ ఐదు వందల మంది నెత్తిన నేను ఎన్నిసార్లు డ్రోన్ నిలబెట్టానో లెక్కలేదు. ఒకసారి పాణ్యం దగ్గర ఫంక్షన్ హాల్లో సీరియల్ లైట్ల తీగకు తగిలి మామిడాకుల తోరణంతో సహా కింద పడింది. పెళ్లికొడుకు మేనత్త భుజానికి జానెడు దూరంలో. ఆమె నవ్వేసింది, నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

అందుకని గుమ్మడికాయ కొట్టేటప్పుడు ఉన్న ఇరవై మందినీ నిలబెట్టి, బావమరిదితో తెలుగులోనూ జర్మన్‌లోనూ చెప్పించి, డ్రోన్‌ను రోడ్డు వైపు పక్కకు పెట్టి ఏటవాలుగా తీశాను. నిట్టనిలువు షాట్ రాలేదు. అయినా ఆ వీడియోలో కప్పు ఎర్ర పెంకులు, గడప దగ్గర పగిలిన గుమ్మడికాయ, కిటికీలోంచి చూస్తున్న పక్కింటి పెద్దాయన, మూడూ ఒకే ఫ్రేములో పడ్డాయి.

కన్సల్టెన్సీకి సున్నా. ఊరికి వచ్చాక రీఫండ్ అడిగాను. మూడు ఫోన్లు ఎత్తలేదు, నాలుగోసారి ఒక అమ్మాయి ఎత్తి చాలా మర్యాదగా మాట్లాడింది. డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదట, పాత కస్టమర్ కాబట్టి దుబాయ్ ప్యాకేజీలో పది శాతం తగ్గిస్తారట.