స్లైస్ పోగొడతామన్న 18,500 రూపాయల గోల్ఫ్ కిట్టు: కొనబోయే వారికి నెల్లూరు నుంచి ఒక హెచ్చరిక

"21 రోజుల్లో మీ స్లైస్ మాయం, కాకుంటే మీ డబ్బు పూర్తిగా వాపసు" అన్న ప్రకటనను ఫోనులో చూసి, గత వేసవిలో నేను 18,500 రూపాయలు చెల్లించి గోల్ఫ్ స్వింగ్ సాధన కిట్టు ఒకటి తెప్పించుకున్నాను. కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి నేరుగా పోకుండా గాలిలో కుడివైపుకు వంగిపోవడాన్నే స్లైస్ అంటారు. స్లైస్ మాయం కాలేదు, డబ్బు తిరిగి రాలేదు, పైగా ఆ కిట్టులోని ఇనుప గుండు పక్కింటి వారి నీళ్ల ట్యాంకును పగులగొట్టింది. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున అమ్మిన వారి పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే అదే పెట్టె, అవే బొమ్మలు, మరో రెండు పేర్లతో అమ్మకానికి ఉండటం తరువాత నేనే చూశాను. అందుచేత పేరును కాక సరుకు లక్షణాలను గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

విశాఖపట్నంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఈ ఆట నాకు అలవాటయింది. పదవీ విరమణ చేసి సొంత ఊరు నెల్లూరు చేరాక, నెలకొకసారి సుమారు 175 కిలోమీటర్లు ప్రయాణించి చెన్నైలో ఆడి రావడం, మిగిలిన రోజుల్లో మిద్దె మీదనో ఊరి చివర లేఅవుట్లలోని ఖాళీ ప్లాట్లలోనో సాధన చేసుకోవడం నా పద్ధతి. కృష్ణపట్నం పోర్టు ఉద్యోగుల్లోనూ, సంక్రాంతికి అమెరికా నుంచి కావలికీ ఒంగోలుకూ గోల్ఫ్ సంచితో సహా దిగే మన పిల్లల్లోనూ నాలాంటి వారు కొందరున్నారు. మైదానం దూరమైన వారికే ఇంట్లో వాడుకునే పరికరాల మీద ఆశ ఎక్కువ కనుక, ఈ ప్రకటనలు గురిపెట్టేది కూడా మనల్నే.

పెట్టెలో ఐదు అంశాలున్నాయి: చివర గుండు బిగించిన బరువు కర్ర, మణికట్టుకు తొడిగే ప్లాస్టిక్ పట్టీ, రెండు మోచేతులను కలిపి కట్టే బెల్టు, బంతులు కొట్టుకునే వల, వీడియో పాఠాల యాప్ తెరవడానికి ఒక అంకెల కోడు. పెట్టె మీద ఉండవలసినవి మాత్రం లేవు. గరిష్ఠ చిల్లర ధర, దిగుమతి చేసుకున్న వారి పేరు, చిరునామా, తయారైన దేశం, వీటిలో ఒక్కటీ ముద్రించి లేదు. ప్యాక్ చేసి అమ్మే దిగుమతి సరుకు మీద ఇవన్నీ ఉండి తీరాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాల్లో తయారైన దేశాన్ని కొనుగోలుదారుకు ముందే తెలపాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు కూడా చెబుతున్నాయి. ఇది తెలిసి కూడా, కొత్త వస్తువు చేతికి వచ్చిన ఉత్సాహంలో ఆ రోజే తిప్పి పంపలేదు. ఆ పొరపాటు నాది.

మణికట్టు పట్టీ నాలుగో రోజున చీలింది. నిజానికి అది చీలడమే మంచిదయింది. ఆ పట్టీ నా ఎడమ మణికట్టును వెనక్కి వంచిన స్థితిలో పట్టి ఉంచేది. కుడిచేతి ఆటగాడికి ఎడమ మణికట్టు అలా వంగితే క్లబ్బు ముఖం, అంటే గోల్ఫ్ కర్రలో బంతిని తాకే భాగం, తెరుచుకుంటుంది, అంటే కుడివైపుకు తిరుగుతుంది, ముఖం తెరుచుకుంటే బంతి కుడివైపుకు మరింత వంగుతుంది. అంటే ఏ జబ్బుకు మందని అమ్మారో ఆ జబ్బునే పెంచే పరికరం అది.

పదకొండో రోజు ఉదయం ఆరు గంటలకు మిద్దె మీద బరువు కర్రను తిప్పుతున్నప్పుడు, స్వింగ్ సగంలో ఉండగా చేతుల్లో బరువు ఒక్కసారిగా తేలికయింది, ఆ వెంటనే పక్క మిద్దె మీద ధడేలుమని చప్పుడు వినిపించింది. గుండు ఊడి పిట్టగోడ దాటి వెళ్లి, వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుకు నడుము దగ్గర చిల్లు పెట్టింది. పక్కింటాయన పైకి వచ్చి, కారుతున్న నీళ్లను, నా చేతిలోని మొండి కర్రను మార్చి మార్చి చూసి, "ఏంది సార్ ఇది, పిల్లోళ్లు ఇప్పుడే గదా కిందికి దిగింది" అన్నారు. ట్యాంకు మార్పించడానికి 6,800 రూపాయలు ఇచ్చాను. ఆ మాటకు మాత్రం జవాబు ఇవ్వలేకపోయాను. తరువాత గుండును తెచ్చి వెలుతురులో పరిశీలిస్తే, దాన్ని కర్రకు పట్టి ఉంచిన స్క్రూ లోపలికి రెండు చుట్లకు మించి దిగలేదనీ, మిగిలినదంతా పసుపురంగు జిగురుతో అతికించారనీ తేలింది. ఎండకు ఆ జిగురు పెళుసుబారి, గోరుతో గీకితే పొడి రాలింది.

ఇక వల సంగతి. గోల్ఫ్ నియమాల ప్రకారం బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. కిట్టులోని వల కన్నును స్కేలుతో కొలిస్తే 50 మిల్లీమీటర్లు వచ్చింది. బంతిని ఆపవలసిన వలలో బంతి కంటే పెద్ద కన్ను పెట్టారన్న మాట. మైపాడు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమె దాన్ని వేలితో సాగదీసి చూసి, "ఇంత కన్నా? దీంట్లో ఏం నిలబడద్ది సామీ" అని నవ్వింది. వలల సంగతి మూడు తరాలుగా తెలిసిన ఇంటి మనిషి ఒక్క చూపులో పట్టిన లోపాన్ని నేను 18,500 రూపాయలు కట్టి తెలుసుకున్నాను. దీనికి బదులు రొయ్యల గుంటల మీద పక్షులు వాలకుండా కట్టే వలను వాడుకోవచ్చునని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు కానీ, అంత సన్నటి దారం అసలు బంతి దెబ్బకు తెగిపోతుంది, దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. ఇంటి దగ్గర చిల్లులున్న తేలికపాటి ప్లాస్టిక్ బంతులు చాలు.

సరుకు నాసిరకం కావడం ఒక ఎత్తు, ఈ వ్యాపారపు మూల సూత్రమే తప్పు కావడం మరొక ఎత్తు. బంతి ఏ దిక్కుగా బయలుదేరుతుందన్నది ఎక్కువ భాగం తాకిన క్షణాన క్లబ్బు ముఖం ఎటు చూస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. గాలిలో ఎటు వంగుతుందన్నది ఆ ముఖానికీ క్లబ్బు వచ్చిన దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. దూరం కొట్టే డ్రైవర్ అనే క్లబ్బు మడమ భాగంతో, అంటే కర్ర కలిసే వైపుతో, తగిలినా బంతి కుడివైపుకే వంగుతుంది. అందువల్ల స్లైస్ కొట్టే ముగ్గురిలో ఒకరికి పట్టు బలహీనమై, అంటే చేతులు మరీ ఎడమవైపుకు తిరిగి, ఉండవచ్చు, మరొకరికి భుజాలు ముందు కదిలి క్లబ్బు బయటి నుంచి, అంటే ఒంటికి దూరంగా ఉన్న వైపు నుంచి, లోపలికి వస్తుండవచ్చు, మూడో వారికి తగలవలసిన చోట తగలకపోవచ్చు. ఈ ముగ్గురికీ ఒకే బెల్టు, ఒకే పట్టీ అమ్మడం జ్వరానికీ కాలి నొప్పికీ ఒకే మాత్ర ఇవ్వడం లాంటిది. యాప్ మొదట్లో పది ప్రశ్నలు అడిగింది. అనుమానం వచ్చి రెండో ఫోనులో జవాబులన్నీ తారుమారు చేసి చూస్తే, మళ్లీ అదే 21 రోజుల పట్టిక వచ్చింది.

తరువాతి నెలలో చెన్నైలో ఒక పెద్దాయన దగ్గర గంటసేపు పాఠం తీసుకున్నాను. ఆయన నా సంచిలోని పరికరాలను పక్కన పెట్టించి, ముందు పాండ్స్ పౌడర్ డబ్బా ఉందా అని అడిగారు. క్లబ్బు ముఖం మీద పౌడరు పలుచగా చల్లి బంతిని కొడితే, ఎక్కడ తగిలిందో గుండ్రటి మచ్చగా కనిపిస్తుంది. నా మచ్చలు మధ్యలోనే ఉన్నాయి, కనుక తగిలే చోటులో దోషం లేదు. తరువాత పట్టు చూశారు. ఎడమచేతి వేళ్ల కణుపులు పై నుంచి నాకు ఒక్కటే కనిపిస్తున్నాయని తెలుసుకుని, రెండు కణుపులు కనిపించేదాకా చేతిని కుడివైపుకు తిప్పించారు. సగం వంపు అక్కడే తగ్గింది.

మిగిలిన సగానికి మందు మలై కాజా డబ్బా. నెల్లూరు నుంచి ఆయన కోసం తీసుకువెళ్లిన అట్టపెట్టెనే ఖాళీ చేయించి, బంతికి అవతలి పక్కన, కాస్త వెనుకగా, క్లబ్బు సరైన దారిలో వస్తే తగలనంత ఎడంతో నేల మీద పెట్టారు. క్లబ్బు బయటి నుంచి వస్తే పెట్టెకు తగులుతుంది, లోపలి నుంచి వస్తే దాన్ని తప్పించుకుని బంతిని కలుస్తుంది. మొదటి పది దెబ్బల్లో ఏడుసార్లు పెట్టె ఎగిరింది. వేగం తగ్గించి, భుజాల కంటే ముందు ఎడమ తుంటి కదిలేలా చూసుకున్నాక, మూడో వారానికి పదింటిలో రెండుసార్లు మాత్రమే తగిలింది. ఈ లెక్క నా ఒక్కడిది. అందరికీ ఇదే గడువని చెప్పడానికి నేను కిట్టు అమ్మడం లేదు.

బంతి కంటే ముందు నేలను తవ్వే వారికి ఆయన చెప్పిన ఉపాయం మనవారికి మరీ సులువు. ఖాళీ ప్లాటులో కాళ్ల మధ్యకు వచ్చేలా ఒక ముగ్గు గీత, లక్ష్యానికి అడ్డంగా, మూరెడు పొడవున వేసుకుని, బంతి లేకుండా చిన్న ఐరన్‌తో (లోహపు తల ఉన్న పొట్టి క్లబ్బుతో) స్వింగ్ చేయాలి. క్లబ్బు గీతకు వెనుక మట్టిని తాకితే బరువు ఇంకా కుడికాలి మీదే ఉండిపోయిందని, గీత దగ్గర మొదలై లక్ష్యం వైపుకు గీరితే బరువు ఎడమకాలి మీదికి వచ్చిందని సాధారణంగా తెలుసుకోవచ్చు. మట్టే చెబుతుంది కాబట్టి పక్కన మనిషి అవసరం లేదు. చేతులు ఒంటికి దూరమయ్యే వారు తువాలును ఛాతీకి అడ్డంగా వేసి రెండు చంకల్లో నొక్కిపట్టి సగం స్వింగ్‌లు మాత్రమే చేయాలి. దెబ్బ వేళకు నడుము లేచిపోయే వారు వెనుక ఒక కుర్చీని ఆనించుకుని, స్పర్శ వదలకుండా మెల్లగా తిప్పాలి. ఇవేవీ ఆట మధ్యలో వాడరాదు. మొత్తం దెబ్బలను లెక్కించే పోటీలో స్వింగ్ సాధన పరికరం వాడితే గోల్ఫ్ నియమం 4.3 కింద మొదటిసారి రెండు స్ట్రోకుల (దెబ్బల) శిక్ష, రెండోసారి అనర్హత.

డబ్బు వాపసు కథ చెప్పుకుంటే చాలా దూరం పోతుంది, ముఖ్యమైనది మాత్రం రాస్తాను. "వాడిన వస్తువుకు వాపసు లేదు" అన్నారు. 21 రోజులు వాడకుండా ఫలితం ఎలా తెలుస్తుందని అడిగితే సమాధానం లేదు. కొన్నాళ్లకు 40 శాతం తగ్గింపు కూపన్ పంపారు, అదే దుకాణంలో వాడుకోవడానికి. ఈ లోపు యాప్ కోసం నెలకు 499 రూపాయల చొప్పున రెండుసార్లు ఖాతాలోంచి పోయాయి, ఎందుకంటే ఉచిత నెల పేరుతో నాచేత యూపీఐ ఆటోపే అనుమతి, అంటే ప్రతి నెలా దానంతటదే డబ్బు కోసుకునే అనుమతి, తీసుకున్నారు. కోతకు 24 గంటల ముందు వచ్చిన సందేశాన్ని నేనే చూడలేదు. మీరు అలాంటి యాప్ తెరచి ఉంటే, ఈ రోజే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం చూసి ఆ అనుమతిని రద్దు చేసుకోండి.

లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్ వేదికల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్లు తెలిపి, నెలలో పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, ఆ తరువాత మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మకందారు ఏ ఊరి వారైనా సరే. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. నేను 1915 దాటి ఇప్పుడు నెల్లూరు కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అందుకోసం పెట్టెను, చీలిన పట్టీని, ట్యాంకు బిల్లును, ప్రకటన తెర చిత్రాలను (స్క్రీన్‌షాట్లను) దాచి ఉంచాను. ప్రకటనను మాత్రం వారు రెండో వారంలోనే మార్చేశారు. కనుక ఏది కొన్నా, డబ్బు కట్టక ముందే ఆ పేజీని తెర చిత్రంగా తీసిపెట్టుకోండి.

ఇప్పటికే ఇలాంటి బరువు కర్ర కొన్నవారికి ఒక మనవి. మరొక్కసారి తిప్పే ముందు, కర్రను ఒక చేత్తో పట్టుకుని గుండును మరో చేత్తో గట్టిగా తిప్పి చూడండి. వెంట్రుకవాసి కదిలినా, కీలు దగ్గర జిగురు గీత కనిపించినా, దాన్ని పక్కన పెట్టేయండి. కదలకపోయినా సరే, మీ ఎదుటి మిద్దె మీద ఎవరూ లేరని చూసుకోకుండా చేతిలోకి తీసుకోకండి.