ఇరవై రోమన్ నాణేలు, ఒక నెయ్యి సీసా

నేనుండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. ‘అన్‌క్లీన్డ్ లాట్ (శుభ్రం చేయని నాణేల పోగు), 20 రోమన్ కంచు నాణేలు, 38 పౌండ్లు’ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే ఒక శుక్రవారం రాత్రి ఆర్డర్ పెట్టేశాను. మంగళవారానికి కవరు వచ్చింది. లోపల జిప్ బ్యాగు, అందులో మట్టిబెడ్డలు. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే, “చెల్లని చిల్లరకి నాలుగు వేలు పోశావా నాయనా” అంది.

అమ్మకం పేజీలోని ఫొటోలో ప్రతి నాణెం మీదా మొహం కనిపిస్తోంది. నాకొచ్చినవాటిలో అలాంటిది ఒక్కటీ లేదు. ‘ఏరనివి’ అని రాశారు గానీ, నన్నడిగితే మంచివి ముందే ఎవరో ఏరేసుకున్నారు.

ఖాళీ నెయ్యి సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి నానబెట్టాను. మొదటి వారం నీళ్లు పల్చటి కాఫీ డికాక్షన్‌లా దిగేవి. రెండు రోజులకోసారి మారుస్తూ పోతే మూడు వారాలకి తేటపడ్డాయి. ఆ తర్వాత మెత్తటి టూత్‌బ్రష్, టూత్‌పిక్, ఓపిక.

ఓపిక లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. “చింతపండు పెట్టి తోమరా, తళతళలాడుతుంది” అంది అమ్మ. ఒకదానికి పెట్టి చూశాను. పది నిమిషాల్లో ఆకుపచ్చ పొరంతా పోయి గులాబీరంగు బిళ్ల మిగిలింది. 1,600 ఏళ్లుగా పట్టిన ఆ పొరలోనే అక్షరాలున్నాయి, దాంతోపాటే అవీ పోయాయి. అమ్మ తప్పేం లేదు. ఆవిడ తోమిన రాగి చెంబుల మీద చక్రవర్తులు లేరు.

ఇక డబ్బులు గిట్టుబాటైన రాత్రి. టేబుల్ లైటు పక్కకి వంచి ఒకదాన్ని తిప్పుతుంటే ఇద్దరు సైనికులు కనిపించారు, ఈటెలు పట్టుకుని, మధ్యలో రెండు సైనిక పతాకాలు. చుట్టూ ‘గ్లోరియా ఎక్సెర్కిటుస్’, అంటే సైన్యపు కీర్తి. అడుగున గీత కింద ఎస్‌ఎమ్‌టీఎస్ అనే అక్షరాలు, అది గ్రీసులోని థెస్సలొనీకి టంకశాల గుర్తు. క్రీ.శ. 330 తర్వాత, రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాలంలో కొట్టింది. ఇంకో నాణెం మీద అదే బొమ్మ, కానీ పతాకం ఒక్కటే. 335 ప్రాంతంలో నాణెం బరువు తగ్గించారు, బొమ్మలో ఒక పతాకమూ తగ్గింది. బిస్కెట్ ప్యాకెట్ ధర మారకుండా సన్నబడుతుంది చూశారా, అదే యవ్వారం. ఈ రెండూ పక్కపక్కన అరచేతిలో పెట్టుకున్నప్పుడు కలిగిన సంతోషం ఏ మ్యూజియం అద్దం ముందూ నాకు కలగలేదు.

లెక్క చెబుతాను. ఇరవైలో పదకొండు గుర్తుపట్టాను. అందులో మూడు, 348లో మొదలైన ‘ఫెల్ టెంప్ రెపరాషియో’ రకం. మంచి రోజులు తిరిగొచ్చాయని దానర్థం, బొమ్మేమో గుర్రం మీంచి పడిపోతున్నవాణ్ని ఈటెతో పొడవడం. రెండు ఆ శతాబ్దం చివర్లో ఏలిన చక్రవర్తి థియోడోసియస్ కాలం నాటివి, చొక్కా గుండీ అంత. ఐదు నున్నటి బిళ్లలు. ఒకటి చింతపండుకి బలి. రెండు ఇంకా నానుతున్నాయి. నేను ఆశపడ్డ, రోమ్ పుట్టుక కథలోని తోడేలు, కవలపిల్లల బొమ్మున్న నాణెం రాలేదు.

మిగిలిన ఒక్కదానికి బ్రాంజ్ డిసీజ్. మామూలు చిలుము గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఇది లేత ఆకుపచ్చ పొడి, పుల్ల తగిలితే రాలిపోతుంది. క్లోరైడ్ వల్ల వస్తుంది, తేమ తగిలితే లోపలికి తినేస్తుంది. ఫొటో పంపితే అమ్మినవాళ్లు ‘పాత వస్తువుల్లో సహజమే’ అని ఒక్క లైను రాసి ఊరుకున్నారు.

అసలు ఎక్కడ దొరికాయని అడిగితే ‘పాత యూరప్ కలెక్షన్’ అన్నారు, అంతే. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. ఇంగ్లండ్‌లో ఒకేచోట పదీ అంతకన్నా ఎక్కువా ఇలాంటి పాత కంచు నాణేలు దొరికితే, 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం అధికారులకి చెప్పి తీరాలి. ఇలాంటివే తమిళనాడులో, శ్రీలంకలో కూడా బోలెడు బయటపడ్డాయి. ఏ నేలలోంచి వచ్చాయో తెలియకపోతే సగం కథ పోయినట్టే.

అయిదుకి మూడిస్తాను. రెండు నెలల సాయంత్రాలు కాలక్షేపం కావాలంటే కొనండి. మంచి నాణెం ఒకటి చేతిలో ఉంటే చాలనుకుంటే మాత్రం, శుభ్రం చేసి, పేరూ టంకశాలా రాసిపెట్టినది డీలర్ దగ్గర ఒక్కటే తీసుకోండి, ఎక్కడిదో అడిగి మరీ.

మా ఆవిడ నెయ్యి సీసా తిరిగిమ్మని అడగడం మానేసి కొత్తది కొనుక్కుంది.