ఆరు పరుగుల బిర్యానీ: డబ్ల్యూఆర్‌సీ ప్లస్‌తో నా అనుభవం

2024 అక్టోబరు మొదటి వారంలో ఆఫీసులో తొమ్మిది మందికి మటన్ బిర్యానీ పెట్టించాను. ఒక అంకెను నమ్మి పందెం కాసిన పాపానికి. పోనీ ఆ అంకె తప్పు చెప్పిందా అంటే అదీ లేదు. తప్పు చెప్పుంటే నాలుగు తిట్టి వదిలేసేవాణ్ణి.

బేస్‌బాల్ చూసేవాళ్ళకి డబ్ల్యూఆర్‌సీ ప్లస్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ళకి: బ్యాటింగ్ ఎంత బాగుందో ఒక్క అంకెలో చెప్పే లెక్క అది. 100 అంటే లీగ్ సగటు బ్యాటింగ్, 110 అంటే పది శాతం మెరుగు, ఆడిన గ్రౌండ్‌ని బట్టి సర్దుబాటు కూడా అందులోనే కలిపి ఇస్తారు. లెక్క ఎలా కడతారన్నది వదిలేస్తున్నా. నాకు నచ్చిందీ ఆ సర్దుబాటే, నన్ను ముంచిందీ అదే.

నేనుండేది సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో. సియాటిల్ బేస్‌బాల్ టీమ్ మెరైనర్స్ పిచ్చి పట్టింది 2021లో. ఆ ఏడు వాళ్ళు 90 మ్యాచ్‌లు గెలిచారు. కానీ సీజన్ మొత్తం కూడి చూస్తే కొట్టిన పరుగుల కన్నా ఇచ్చినవే 51 ఎక్కువ. ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో 33 గెలిచి 19 ఓడారు. టీమ్ బ్యాటింగ్ యావరేజ్ చూస్తే .226, అంటే వెయ్యిసార్లు ప్రయత్నిస్తే 226 హిట్లు. ఇది బ్యాటింగా, గ్రహబలమా అని తేల్చుకోలేక ఈ అంకెల జోలికి వచ్చాను.

మా గ్రౌండ్‌లో రాత్రి మ్యాచ్ చూసినవాళ్ళకి ఒక దృశ్యం బాగా తెలుసు. బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడు వినగానే స్టేడియం మొత్తం లేచి నిలబడుతుంది. బంతి ఎగురుతుంది, ఎగురుతుంది, గోడ ముందు ఫీల్డర్ చేతిలో బుద్ధిగా వాలుతుంది. పక్కనే సముద్రపు ఖాతం, చల్లటి తడిగాలి. లీగ్‌లో పరుగులు రావడం బాగా కష్టమైన గ్రౌండ్లలో ఇదొకటి. అక్కడ ఏటా 81 మ్యాచ్‌లు ఆడే టీమ్‌కి యావరేజ్ బాగుండమంటే ఎలా ఉంటుంది? ఈ అంకె ఆ సంగతి లెక్కలోకి తీసుకుని, మీవాళ్ళు మీరనుకున్నంత అధ్వాన్నంగా ఏం లేరు అని చెప్పింది. పిల్లాడికి మార్కులు తక్కువొచ్చాక, ఆ సెషన్ పేపరే కష్టంగా ఇచ్చారటండీ అని పక్కింటావిడ చెబితే కలిగే ఊరట అది. ఎంసెట్ నార్మలైజేషన్ లాంటిదన్నమాట.

(నార్మలైజేషన్ అంటే మనవాళ్ళకి ఎంత అనుమానమో కూడా నాకు గుర్తుండాల్సింది.)

2024 ఎండాకాలంలో నాన్న ఖమ్మం నుంచి వచ్చారు. ఆయనకి బేస్‌బాల్‌లో ఓనమాలు తెలియవు, కానీ ఈ ముక్క నేను చెప్పకముందే పట్టుకున్నారు. "సన్‌రైజర్స్ ఉప్పల్‌లో ముంబై మీద 277 కొట్టిన్రు. అదే టీమ్ చెపాక్‌లో ఫైనల్ ఆడితే 113కి ఆలౌట్. పిచ్ సంగతి చూడకుండా బ్యాటింగ్‌ని తిడితే ఎట్లరా?" అన్నారు. ఆ 113లో పిచ్ పాపమెంత, మనవాళ్ళ పాపమెంత అని నేను అడగలేదు. మంచి సాయంత్రం, గార్లిక్ ఫ్రైస్ వేడిగా ఉన్నాయి, ఎందుకు పాడుచేసుకోవడం అనుకున్నా.

ఇక పందెం. మా టీమ్‌లో ఒకతను డెన్వర్ నుంచి వచ్చాడు, అక్కడి బేస్‌బాల్ టీమ్ కొలరాడో రాకీస్ అభిమాని. రాకీస్ అభిమానులకి దాచుకునే పరువంటూ పెద్దగా ఉండదు, అందుకే వాళ్ళతో వాదన ప్రమాదం. ఆగస్టులో మెరైనర్స్ మేనేజర్‌ని (క్రికెట్‌లో కోచ్ లాంటివాణ్ణి) తీసేసిన వారం అది. జూన్‌లో పట్టికలో పది గేముల ఆధిక్యం ఉండింది, అది కరిగి నీళ్ళైపోయింది, నేను అసలే కడుపుమంట మీదున్నాను. "అట్టడుగున ఉన్న మా బ్యాటింగే మీకన్నా నయం, యావరేజ్ చూసుకో" అన్నాడు. నేను వెంటనే ఫోన్ తీసి డబ్ల్యూఆర్‌సీ ప్లస్ చూపించాను. మాది వాళ్ళకన్నా చాలా పైన, వాళ్ళది 80ల్లో. అంత తేడా ఉంటే వాదన అక్కడితో అయిపోవాలి.

"ఇదంతా నాకెందుకు? సీజన్ అయ్యేసరికి ఎవరు ఎక్కువ పరుగులు కొడితే వాళ్ళు గెలిచినట్టు" అన్నాడు. ఓడినవాళ్ళు టీమ్ అందరికీ భోజనం పెట్టించాలి. నేను ఆలోచించలేదు. చేతిలో అంత మంచి అంకె ఉండగా ఆలోచించడానికేముంది?

సెప్టెంబర్ అంతా రోజూ రాత్రి రెండు స్కోర్లు చూడటం అలవాటైంది. చివరి రోజు ఓక్లాండ్ మీద మావాళ్ళు 6 పరుగులు కొట్టి గెలిచారు. ఇంకో ఆరు కొట్టుంటే నా డబ్బులు మిగిలేవి. రాకీస్ 682, మెరైనర్స్ 676. ప్లేఆఫ్ బెర్త్ కూడా ఒక్క గేమ్ తేడాతో పోయింది కాబట్టి ఆ రాత్రి బిర్యానీ సంగతి ఇంట్లో ఎత్తలేదు.

తప్పెక్కడ జరిగిందో బిల్లు కట్టాక గాని బుర్రకెక్కలేదు. రాకీస్ ఆడేది సముద్రమట్టానికి మైలు ఎత్తున. గాలి పలచన, బంతి వంకర తిరగదు, అవుట్‌ఫీల్డ్ ఊరంత ఉంటుంది, మామూలు దెబ్బకి కూడా బంతి ఎక్కడో చోట ఖాళీలో పడుతుంది. డబ్ల్యూఆర్‌సీ ప్లస్ ఆ లాభం తీసేసి చూస్తుంది, మాకున్న నష్టం కలిపి చూస్తుంది. నేను పందెం కాసింది మాత్రం ఆ తీసివేతలూ కూడికలూ ఏమీ చెయ్యని పరుగుల మీద. ర్యాంకు కార్డు చేతిలో పెట్టుకుని మార్కుల మీద పందెం కాశాను. అంకె ఒకటి చెబుతుంటే, ఇంకో ప్రశ్నకి జవాబుగా దాన్ని వాడింది నేను.

సరే, అది నా తెలివితక్కువతనం. కానీ అప్పటి నుంచీ ఈ అంకెను ఇదివరకులా చూడలేకపోతున్నా. మీ బ్యాటింగ్ నిజానికి సగటు కన్నా మేలు అని అది చెప్పినప్పుడు ఆ "నిజానికి" ఎక్కడుంటుంది? స్కోర్‌బోర్డ్ మీద లేదు. ఒక సమాధానం ఉందనుకోండి: పరుగులు తక్కువగా వచ్చే చోట ఒక్కో పరుగు విలువ ఎక్కువ. ఆ ఏడాది రాకీస్ 929 పరుగులిచ్చి 61 మ్యాచ్‌లు గెలిచారు, మావాళ్ళు 607 ఇచ్చి 85 గెలిచారు. అందులో గ్రౌండ్ వాటా కొంత, పిచర్ల (మన బౌలర్లలాంటి వాళ్ళ) వాటా చాలా. పరుగులు కరువైన చోట అర్ధరూపాయి కూడా నోటంత విలువ చేస్తుంది. ఈ వాదన నాకు తలకెక్కుతుంది, మనసుకెక్కదు.

యావరేజ్ కన్నా ఇది మేలే, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నా. 2024లో మావాళ్ళ యావరేజ్ .224, వాళ్ళది .242. కానీ వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఊరికే దక్కే మొదటి బేస్) కలుపుకుని బేస్ చేరిన లెక్క చూస్తే మాదే కాస్త పైన. యావరేజ్‌కి వాక్ కనపడదు, ఒక్క బేస్ దక్కే సింగిల్‌కీ, గోడ దాటే హోమ్ రన్‌కీ తేడా కనపడదు. దీనికి కనపడతాయి.

దీనికి కనపడనివీ ఉన్నాయి. ఎడమచేతి వాటమైనా కుడిచేతి వాటమైనా, పొడుగు కొట్టేవాడైనా నేల మీద కొట్టేవాడైనా, అందరికీ ఒకే సర్దుబాటు. టెయోస్కార్ హెర్నాండెజ్ 2023లో మా దగ్గర ఒక్క సీజన్ ఆడాడు. సొంత గ్రౌండ్‌లో తేలిపోయాడు, బయట ఊళ్ళలో దంచాడు. సర్దుబాటు చేశాక కూడా ఈ అంకె అతన్ని సగటుకి కాస్త పైన, అంతే అంది. నేనూ సరే పోనీలే అనుకున్నా. మరుసటేడు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్ళి 33 హోమ్ రన్లు కొట్టి, వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచిన ఉంగరం పెట్టుకున్నాడు. ఒక మనిషి కంటికి ఒక గ్రౌండ్‌లో బంతి ఎలా కనిపిస్తుందో ఏ సగటూ చెప్పదు.

సమయం సందర్భం కూడా దీనికి పట్టదు. 2024లో మావాళ్ళు 1,625 స్ట్రైకౌట్లతో (మూడు స్ట్రైక్‌లకి అవుటవడం) లీగ్ మొత్తానికీ ముందున్నారు. అవుట్ ఏదైనా అవుటే, పెద్ద తేడా లేదు అంటుంది లెక్క. సీజన్ మొత్తానికి నిజమే కావచ్చు. మూడో బేస్ మీద, పరుగుకి ఒక్క బేస్ దూరంలో మనిషి నిలబడి ఉండగా, ఒక్కడే అవుటై ఉండగా, బ్యాటర్ మూడు బంతులూ గాలికి ఊపి వెనక్కొస్తే మాత్రం ఆ నిజం నోట్లో చేదుగా ఉంటుంది. 2022 ప్లేఆఫ్‌లో హ్యూస్టన్ మీద, మామూలుగా తొమ్మిదితో తేలాల్సింది 18 ఇన్నింగ్స్‌లు, ఆరు గంటల 22 నిమిషాలు ఆడి ఒక్క పరుగూ చెయ్యకుండా 1-0తో ఓడిన రోజు పై మెట్ల మీద కూర్చుని చూశాను. ఆ రోజుకి ఏ సర్దుబాటూ లేదు.

ఇంకో సంగతి, ఒప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. గ్రౌండ్ మీదకి నెపం నెట్టడం నాకు మరీ అలవాటైపోయింది. 2025లో అదే తడిగాలిలో సగం మ్యాచ్‌లు ఆడుతూ మా కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. మా పాత ఆటగాడు కెన్ గ్రిఫీ పేరిట ఉన్న 56 హోమ్ రన్ల టీమ్ రికార్డు పోయింది. అప్పటిదాకా ఎన్ని బద్ధకపు ఇన్నింగ్స్‌లని ఈ సర్దుబాటు పేరు చెప్పి క్షమించానో లెక్కలేదు.

కాబట్టి వాడమంటానా? నాలా ఏడాదికి అరవై డెబ్భై మ్యాచ్‌లు చూస్తూ, పరుగులు రాని గ్రౌండ్ ఉన్న టీమ్‌ని పట్టుకుని వేలాడేవాళ్ళయితే వాడండి, నిద్ర పడుతుంది. పిల్లల్ని తీసుకుని వేసవిలో రెండుసార్లు వెళ్ళేవాళ్ళకి స్కోర్‌బోర్డ్ చాలు. డెన్వర్‌లో ఉండేవాళ్ళు దీని జోలికి రాకపోతేనే సుఖం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎవరూ చూడొద్దు. అప్పటికి ఆడింది తక్కువ, అంకె ఉయ్యాలలా ఊగుతుంటుంది. నేను చూస్తాను, అది వేరే జబ్బు.

డెన్వర్ అతను మళ్ళీ పందేనికి పిలిచాడు. ఈసారి ఇద్దరి టీమ్‌లూ బయట ఆడే 81 మ్యాచ్‌ల పరుగులే లెక్క అన్నాను. మూడు వారాలైంది, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.